ఓపెన్ టెన్త్: గేటు దగ్గర ఆగిపోయేవాళ్ల కోసం

రోజూ బడికి పోకుండానే టెన్త్ రాసేవాళ్ల కోసం ఓపెన్ స్కూల్ ఉంది. హనుమకొండలో దాని స్టడీ సెంటర్‌లో ఆదివారం పూట క్లాసులు చెప్తాను. అడ్మిషన్లప్పుడు చాలామంది గేటు దగ్గరే నిలబడి, పిల్లల కోసం వచ్చినట్టు వివరాలు అడుగుతారు. కాసేపటికి మెల్లగా "నాకే సార్" అంటారు. వాళ్లను ఆపే మాటలు ఇవీ.

"ఈ వయసుల నా బుర్రకెక్కదు సార్."

మహిళా సంఘం లెక్కలు చూసే అక్క ఒకామె మా క్లాసులో ఉండేది. బోర్డు మీద బారువడ్డీ సూత్రం రాయగానే పుస్తకం మూసేసింది. "పదివేలు నూటికి రెండు రూపాయల మిత్తికిస్తే ఎనిమిది నెలలకు మిత్తి ఎంతైతది అక్కా?" అనడిగాను. నా మాట పూర్తికాకముందే "పదహారు వందలు" అంది. ఆ రెండు రూపాయల మిత్తే పుస్తకంలో ఏడాదికి 24 శాతం, ఎనిమిది నెలలంటే 8/12 సంవత్సరం. అవి సూత్రంలో వేస్తే అదే 1,600 వచ్చింది. అక్క పుస్తకం మళ్లీ తెరిచింది.

నేను చూసినంతలో పెద్దవాళ్లను దెబ్బతీసేది చెయ్యి. ఇరవై ఏళ్లు పెన్ను పట్టని వేళ్లు మూడు గంటల పరీక్షలో గంటకే పీకుతాయి. జవాబు తెలిసి కూడా ఖాళీ పేజీలు ఇచ్చి వస్తారు. అందుకే మొదటి నెలంతా రోజూ పేపర్లో ఒక వార్త చూసి అరపేజీ రాయమంటాను. ఒత్తులు తప్పినా ఏం కాదు, వేళ్లకు అలవాటు కావాలి.

"టీసీ లేదు, ఎట్ల చేర్చుకుంటరు?"

బడి మొహం చూడనివాళ్లు కూడా చేరవచ్చు. చదవడం, రాయడం వచ్చి, 14 ఏళ్లు నిండితే చాలు. పైన వయసుకు హద్దు లేదు. పుట్టినతేదీకి మాత్రం రుజువు కావాలి, ఇక్కడే జాగ్రత్తపడండి. మన ఊళ్లల్లో ఆధార్‌లో జనవరి 1 అని పడినవాళ్లు ఎందరో. రేపు ఉద్యోగానికి పోతే ఎక్కువగా టెన్త్ మెమో మీది తేదీనే చూస్తారు. ఫారం నింపకముందే సరిచేయించుకోండి, తర్వాత మార్చడం చాలా కష్టం.

"లెక్కలు, సైన్స్ తప్పవు."

తప్పనిసరి కాదు. గృహవిజ్ఞానం, అర్థశాస్త్రం లాంటివి తీసుకోవచ్చు. కానీ ముందుముందు పాలిటెక్నిక్ ఆలోచన ఉంటే లెక్కలు వదలొద్దు, దాని ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు అది ఉండాల్సిందే.

"ఒకసారి ఫెయిలైతే అంతే."

రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. 35 మార్కులు వచ్చిన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. పత్తి ఏరే రోజులుంటే రెండు సబ్జెక్టులే రాయమని నేనే చెప్తాను.

"ఓపెన్ టెన్త్‌కు విలువ లేదు."

ఈ మెమో రెగ్యులర్ టెన్త్‌తో సమానం. దాంతో ఇంటర్‌లో చేరవచ్చు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్ పోయేవాళ్లకు ఇంకో లాభముంది. టెన్త్ పాసైతే ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది, అంటే పనికి గల్ఫ్ పోయేముందు ప్రభుత్వం దగ్గర తీసుకునే అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) అవసరం పడదు.

"పైసలిస్తే పాస్ చేయిస్తరట."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపమొస్తుంది. కూలి డబ్బులు కూడబెట్టి దళారికిచ్చి, ఏ రిజిస్టర్‌లోనూ లేని మెమో తెచ్చుకున్నాడు ఒక తమ్ముడు. ఫీజు మీసేవలోనో, ఆన్‌లైన్‌లోనో మీరే కట్టండి, రసీదు దాచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సెంటర్‌లో చూపించి, అప్పుడే వెనక్కి తీసుకోండి.