ట్యాంకు నిండిందని చెప్పేదెవరు?

"మా అబ్బాయి ఎంత తిన్నా ఇంకా ఆకలే అంటాడు. వాడికి నోరు కట్టుకోవడం రాకనా, ఒంట్లోనే ఏదైనా లోపమా?" అని ఒక పాఠకురాలు అడిగారు. మనవాళ్లు దీనికి తీర్పు ఎప్పుడో చెప్పేశారు. పొగరుగా మాట్లాడితే "వీడికి కొవ్వెక్కింది" అంటాం. మన మాటల్లో కొవ్వంటేనే నేరం. సైన్సు చెప్పే జవాబు వేరు. దాన్ని వెతికి పట్టిన డగ్లస్ కోల్‌మన్ గురించి చెప్పడమంటే నాకు భలే ఇష్టం.

కోల్‌మన్ కెనడాలో పుట్టారు. 1958లో అమెరికాలోని బార్ హార్బర్ అనే ఊళ్లో జాక్సన్ ప్రయోగశాలలో చేరారు. ఒకటి రెండేళ్లు ఉందామని వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. అక్కడ బాగా లావెక్కే చిట్టెలుకలు రెండు జాతులుండేవి. ఒకటి 1949లో బయటపడిన ఓబీ. రెండోది 1960లలో దొరికిన డీబీ. రెండూ ఆపకుండా తింటాయి.

ఆయన రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చర్మం కలిపి కుట్టారు. కొన్నాళ్లకి సన్నటి రక్తనాళాలు కలుస్తాయి, ఒకదాని రక్తం కొంచెం కొంచెంగా రెండోదానిలోకి చేరుతుంది. డీబీకి మామూలు ఎలుకని జతచేస్తే, ఆ మామూలు ఎలుక తిండి మానేసి చచ్చిపోయింది. కోసి చూస్తే దాని పొట్టలో, పేగుల్లో మేత ఆనవాలే లేదు. డీబీ పొట్ట మాత్రం తిండితో ఉబ్బిపోయి ఉంది.

ఎందుకలా? మేడ మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. ట్యాంకులో నీళ్లు మన కొవ్వు. మోటారు వేయడం అంటే తినడం. ట్యాంకు నిండితే ఒక అలారం మోగుతుంది. అది విని స్విచ్ ఆపే వాచ్‌మన్ మెదడు. డీబీ ఇంట్లో ట్యాంకు పొర్లిపోతోంది, అలారం గోల పెడుతోంది, వాచ్‌మన్ కదలడు. ఇప్పుడు పక్కింటికీ దీనికీ మధ్య గోడ తీసేశాం. పక్కింటి వాచ్‌మన్ చెవులు బాగానే ఉన్నాయి. ఆ అలారం విని, తమ ట్యాంకే నిండిందనుకుని మోటారు వేయడం మానేశాడు. వాళ్ల ట్యాంకు ఎండిపోయినా అలారం ఆగలేదు.

తర్వాత ఓబీని డీబీతో కలిపారు. ఓబీ కూడా తిండి మానేసి చచ్చిపోయింది. అంటే ఓబీ ఇంట్లో వాచ్‌మన్ ఉన్నాడు, అలారమే లేదు! అదే ఓబీని మామూలు ఎలుకతో కలిపితే బతికింది, కాకపోతే తిండి తగ్గించింది. మామూలు ఇంటి అలారం అవసరమైనంతే మోగుతుంది కదా. ఇలా 1973కల్లా కోల్‌మన్ తేల్చేశారు: ఓబీలో కబురు లేదు, డీబీలో దాన్ని అందుకునేవాడు లేడు. ఆ కబురు మోసే అణువు ఏమిటో అప్పటికింకా ఎవరికీ తెలియదు! పిల్లలతో హార్మోన్ల పట్టిక బట్టీ పట్టించే టీచర్లు ఒక్కసారి ఈ మూడు జతల్నీ బోర్డు మీద రాసి, "ఎవరిలో ఏది లోపించింది?" అని అడిగి చూడాలి. లావు కేవలం తిండి అలవాటేనని గట్టిగా నమ్మే రోజుల్లో ఆయన మాట చాలామందికి ఎక్కలేదు.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువుని పట్టుకుంది. కొవ్వు కణాలు తయారుచేసే ఆ ప్రొటీన్‌కి లెప్టిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో లెప్టోస్ అంటే సన్నం. దాని గొలుసులో 167 అమైనో ఆమ్లాలు. ఓబీ ఎలుకలో 105వ చోట "ఇక ఆపు" అనే సంకేతం పడి, గొలుసు సగంలో తెగిపోయింది.

మరుసటి ఏడాది గ్రాహకం, అంటే రిసెప్టర్, దొరికింది. డీబీ వాచ్‌మన్ అసలు చెవిటివాడు కాదు! గ్రాహకంలో కణం బయట ఉండే భాగం బాగానే ఉంది, లెప్టిన్ వచ్చి దానికి అంటుకుంటుంది. లోపం కణం లోపలి తోకలో ఉంది. అక్కడ 302 అమైనో ఆమ్లాల పొడవు ఉండాలి. జన్యువులో ఒక్క అక్షరం మారడంతో జన్యు సందేశపు ముక్కల అతుకు తప్పి, తోక పొట్టిదైంది. ఆ తోక పొడవుగా ఉంటేనే జాక్-2 అనే ఎంజైము స్టాట్-3 అనే ప్రొటీన్‌ని మేల్కొలపగలదు. స్టాట్-3 కణకేంద్రకంలోకి వెళ్లి ఆకలి తగ్గించే జన్యువుల్ని పనిచేయిస్తుంది. అలారం చెవిన పడుతోంది, చెయ్యి స్విచ్ దాకా అందడం లేదు.

మనుషుల్లోనూ ఓబీ లాంటి లోపం ఉంది. 1997లో కేంబ్రిడ్జ్ బృందం ఒకే కుటుంబంలో ఇద్దరు పిల్లల్లో దాన్ని గుర్తించింది. అది దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబం. మేనరికాలు మనకీ కొత్త కాదు కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి. వాళ్లలో తొమ్మిదేళ్లకే 94.4 కిలోలున్న అమ్మాయికి రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16.4 కిలోలు తగ్గింది. ఆ పాపని ఎవరూ కొత్తగా క్రమశిక్షణలో పెట్టలేదు. అలారం బిగించారంతే.

అయితే అమ్మా, లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది. రోజంతా మోగే అలారానికి వాచ్‌మన్ అలవాటుపడిపోయినట్టు, మెదడు దాన్ని పట్టించుకోదు. అందుకే వాళ్లకి ఈ ఇంజెక్షన్ పెద్దగా పనిచేయదు. మీ అబ్బాయి పసితనం నుంచే ఇలా విపరీతమైన ఆకలితో బరువు పెరుగుతూ ఉంటే, పిల్లల హార్మోన్ల డాక్టరుకి చూపించి, లెప్టిన్ రక్తపరీక్ష అవసరమా అని అడగండి. ఈలోగా కంచం ముందు కూర్చున్నప్పుడు వాణ్ణి తిట్టకండి.