పురుగు అలవాటు పడలేదు

గులాబీ రంగు పురుగు బీటీ పత్తికి ఎలా అలవాటు పడిందని ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్న మంచిదే, నా పేచీ అంతా ‘అలవాటు’ అన్న మాటతో. కారానికి నాలుక అలవాటు పడుతుంది, కొత్త చెప్పుకు కాలు అలవాటు పడుతుంది. బీటీ కాయ కొరికిన మామూలు పురుగు అలవాటు పడేంత కాలం బతకదు. జిరాఫీ మెడ సాచి సాచి పొడుగైందన్న కథ తప్పని బడిలో చదువుతాం, పరీక్ష అయ్యాక మళ్ళీ అదే నమ్ముతాం.

నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (పొట్టిగా బీటీ) అనే బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. దానివల్ల తయారయ్యే క్రై1ఏసీ ప్రోటీన్, పురుగు పేగు గోడలోని కాడ్‌హెరిన్ అనే మరో ప్రోటీన్‌కు అతుక్కుని కణాలకు చిల్లులు పొడుస్తుంది. తాళంచెవి, తాళంకప్ప వ్యవహారం. కాడ్‌హెరిన్ జన్యువులో ఉత్పరివర్తనం వల్ల కప్ప వంకరపోతే చెవి దూరదు. ఆ వంకర విషాన్ని చూసి పుట్టేది కాదు, జన్యువు నకలు తీయడంలో ఎప్పుడో దొర్లిన పొరపాటు.

ఇక నాకిష్టమైన లెక్క. ఈ వంకర జన్యువు అంతర్గతం. తల్లి ఇచ్చినదీ తండ్రి ఇచ్చినదీ రెండూ వంకరవైతేనే పురుగు బతుకుతుంది. ఒకటి మంచిదైతే మంచి కప్పలు తయారవుతూనే ఉంటాయి, పురుగు చస్తుంది. గుంపులో ఈ జన్యువు నకళ్ళు వెయ్యింటిలో ఒకటి వంకరది అనుకుందాం. రెండూ వంకరవైన పురుగులు 10 లక్షల్లో ఒకటి, ఒక్కటే మోసేవి 500లో ఒకటి. కోటి పురుగులుంటే తట్టుకునేవి పది, వంకరను దాచుకుని తిరిగేవి సుమారు 20 వేలు. ఊరంతా బీటీయే వేస్తే ఆ 20 వేలూ చస్తాయి, పది మిగులుతాయి. వాటికి జోడీ ఎవరు? ఆ పదిలోనివే. పుట్టే పిల్లలన్నీ తట్టుకునేవే! అదే పక్కన నాలుగు సాళ్ళు మామూలు పత్తి ఉంటే, అక్కడ పెరిగిన వేలాది రెక్కల పురుగులతో ఈ పదీ జతకడతాయి. పిల్లలకు ఒక వంకర, ఒక మంచి. బీటీ కాయ కొరికితే అవీ చస్తాయి.

అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం పొట్లం ఇచ్చారు, చేను చుట్టూ వేయమని. చాలాచోట్ల అది గట్టు దాటి చేలోకి దిగలేదు. పురుగు మేతకని సాళ్ళు వదిలితే వాటికి కౌలు ఎవరు కడతారు? దిష్టిబొమ్మ ఎందుకు కడతారో ఇంట్లో పసివాళ్ళకూ తెలుసు. ఆ పొట్లం ఎందుకో రైతుకు విడమరచి చెప్పినవారు తక్కువ.

శనగపచ్చ పురుగు కథ వేరు. అది శనగ, కంది, మిరప అన్నీ తింటుంది, దాని మామూలు పత్తి సాళ్ళు ఊరంతా ఉన్నట్టే. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తే లోకం.

మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. గుజరాత్‌లో ఈ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని 2010లో ప్రకటించారు. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2ను కూడా మరి కొన్నేళ్ళకే దాటేసింది. ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర చేలలో గుడ్డి పూలు (పురుగు లోపల చేరడంతో విచ్చుకోని పూలు) కనిపిస్తే రైతు గుండె జారుతుంది. విచిత్రం ఏమిటంటే మన పురుగుల్లో కాడ్‌హెరిన్ వంకర ఒక్క రకం కాదు, చాలా రకాలు దొరికాయి. పురుగు జాతి మాత్రం పాతదే, మారింది గుంపులో జన్యువుల పాళ్ళు. ప్రకృతి వరణం చేసే పని అదే.

అమెరికాలోని ఆరిజోనాలో మామూలు పత్తి సాళ్ళు నిజంగానే వేశారు, పురుగు లొంగే ఉంది. తర్వాత వంధ్య పురుగులను, అంటే పిల్లలు పుట్టని వాటిని, విమానాల నుంచి వదిలారు. 2018లో ఆ దేశం ఈ పురుగును నిర్మూలించినట్టు ప్రకటించింది. చైనాలోని యాంగ్జీ లోయ కథ ఇంకా తమాషా. అక్కడ సంకర పత్తి రెండో తరం విత్తనాలు చల్లారు. మెండెల్ బఠాణీల లెక్కే అక్కడా పనిచేసి, పావు వంతు మొక్కల్లో విషం లేకుండా పోయింది, అవే మామూలు పత్తి సాళ్ళ పని చేశాయి. పురుగును ఆపాలని ఎవరూ అనుకోలేదు, అయినా తట్టుకునే పురుగుల వంతు తగ్గింది.