ఫోన్‌లో చీరల వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

మంగళగిరి వైపు చేనేత చీరల దుకాణాలకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ పనులు చూసిపెట్టడం నా వృత్తి. కొత్తగా ఫోన్‌లో అమ్మకం మొదలుపెట్టే యజమానుల నోట ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: బ్రాడ్‌కాస్ట్‌లో (ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపే వాట్సాప్ జాబితాలో) పెట్టేస్తే అందరికీ చేరిపోతుంది.
వాస్తవం: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు. అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళ్తుంది. మీ ఫోన్‌లో వాళ్ల నంబరు ఉంటే చాలదు. అందుకే బిల్లు కట్టే చోటే పని పూర్తి చేసుకోవాలి: "అక్కా, మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త స్టాక్ రాగానే ఫొటోలు పెడతాం." ఈ ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడి, బయట ఎవరో అమ్మే నంబర్ల లిస్టు కొనేవాళ్లున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లు వరసగా రిపోర్ట్ కొడితే వాట్సాప్ ఖాతానే ఎగిరిపోవచ్చు. దాంతోపాటు పాత కస్టమర్లతో నడిచిన చాట్లూ చేజారతాయి.

అపోహ: ఫాలోవర్లు పెరిగితే అమ్మకాలు పెరుగుతాయి.
వాస్తవం: రీల్‌కు లైకు కొట్టడానికి డబ్బులక్కర్లేదు కదా! పైగా ఆ ఫాలోవర్లు మన సొత్తు కాదు. 2020 జూన్ చివర్లో కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల మందిని పోగేసుకున్నవాళ్లు కూడా మళ్లీ మొదటికొచ్చారు. కొన్నామె నంబరు, పోయినసారి ఏ రంగు తీసుకుందో రాసుకున్న పుస్తకం ఉంటే, ఏ యాప్ పోయినా వ్యాపారం ఆగదు.

అపోహ: ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పక్కన నీలి టిక్కు ఉంటే మంచి దుకాణం.
వాస్తవం: 2023 నుంచి ఆ టిక్కును నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు. ఆ ఖాతా ఎవరిదన్నది మాత్రం సరిచూస్తారు. చీర చేనేతో, మరమగ్గానిదో చూడరు.

అపోహ: పార్సిల్ విప్పిన వీడియో లేకపోతే వాపసు తీసుకోనక్కర్లేదు.
వాస్తవం: ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకోననడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. వీడియో అడగండి, తప్పులేదు. అదే షరతు అనకండి. అసలు గొడవల్లో సగం రంగు దగ్గరే పుడతాయి. నెమలికంఠం రంగు ఒక ఫోన్‌లో నీలంగా, ఇంకో ఫోన్‌లో ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఫిల్టర్లు తీసేసి పగటి వెలుతురులో వీడియో కాల్ చేసి చూపించండి. అమెరికాలో ఉన్న కూతురు కూడా ఆ కాల్‌లోకి వచ్చి తీర్పు చెబుతుంది, ఓపిక పట్టాలి.

అపోహ: స్క్రీన్‌షాట్ వచ్చిందంటే డబ్బు పడ్డట్టే.
వాస్తవం: స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారుచేయగలరు. ఖాతాలో జమ చూసుకున్నాకే పార్సిల్ కట్టండి. డబ్బు రావడానికి మీ యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసమే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.