పెంపుడు పాముకు ఏ ఎలుక పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి బాల్ పైథాన్, కార్న్ స్నేక్ అనే విదేశీ పాములు పెంచే పిల్లలు ఈమధ్య నా క్లినిక్‌కు వస్తున్నారు. పాము మెత్తబడిందనో, తిన్నది కక్కిందనో టెన్షన్‌తో వస్తారు. ఏ మందు వాడాలని వాళ్లు అడిగేలోపే నేను అడిగేది ఒకటే: ఆ ఎలుకను ఎక్కడి నుంచి తెచ్చారు?

మొదట చట్టం సంగతి. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ వంటివాటిని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇక్కడ చెప్పేదంతా చట్టబద్ధంగా పెంచుకునే పాముల గురించే.

అపోహ: పొలంలో పట్టిన ఎలుక అయితే సహజమైన తిండి, ఖర్చూ లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇది. మన దగ్గర వరి పొలాల్లో, మిర్చి గోదాముల్లో, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టడం మామూలే. బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అంటే చేతికి సులువుగా దొరికిన ఎలుకనే ఎక్కువగా అనుమానించాలి. దాన్ని మింగిన పాము శరీరంలోకీ ఆ విషం వెళ్తుంది. ఫ్రీజర్‌లో పెడితే కొన్ని పరాన్నజీవులు చస్తాయేమో గానీ విషం పోదు, సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా బతికే ఉంటుంది. గమ్ ప్యాడ్‌కు అంటుకున్న ఎలుకనైతే అసలు పెట్టొద్దు, ఆ జిగురు పాము నోటికి పట్టేస్తుంది. పట్టుకునే మనిషికి ఎలుక జ్వరం వచ్చే ముప్పు కూడా ఉంది. పందికొక్కు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. శుభ్రమైన దాణాతో పెంచిన తెల్ల ఎలుకలు, చిట్టెలుకలు మాత్రమే పెట్టండి.

అపోహ: ప్రాణంతో ఉన్న ఎలుకను వేటాడితేనే పాము ఆరోగ్యంగా ఉంటుంది.

వాస్తవం: పెట్టెలో ఎలుకకు పారిపోయే దారి ఉండదు, అందుకే అది తిరగబడుతుంది. ఆకలి లేని పాము దగ్గర దాన్ని రాత్రంతా వదిలేస్తే వీపు మీద కండ కొరికి ఎముక దాకా తినేస్తుంది. అలాంటి గాయాలకు కుట్లు వేయడం, అవి మానడానికి నెలలు పట్టడం చూశాక ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. పైగా ఆ ఎలుకకూ భయం, నొప్పి ఉంటాయి. బాధ లేకుండా చంపి గడ్డకట్టించిన ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మర్నాడు కవర్‌లో ఉంచి, వేడినీళ్లలో ముంచి గోరువెచ్చగా చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే కొంత ఉడుకుతుంది, పొట్ట పగులుతుంది. పొడవాటి పటకారుతో అందించి కాస్త కదిలిస్తే చాలా పాములు తీసుకుంటాయి. ప్రాణంతో ఉన్నవాటికి అలవాటుపడ్డ పాము మారడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, ఓపిక పట్టండి. ఇంట్లో వాళ్లు తినేవాటితో కలపకుండా ఎలుకలకు వేరే డబ్బా, వేరే అర కేటాయించండి.

అపోహ: పెద్ద ఎలుక ఒకటి పెడితే నెలదాకా చింత ఉండదు.

వాస్తవం: పాము ఒంట్లో ఎక్కడ లావుగా ఉందో చూడండి. ఎలుక దాదాపు అంత లావే ఉండాలి, ఇంకాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. పెద్దదైతే అరగక కక్కేస్తుంది. అప్పుడే పుట్టిన కార్న్ స్నేక్‌కు వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల, అంటే పింకీ సరిపోతుంది, వారానికి ఒకటి. ఎదిగాక పది పదిహేను రోజులకు ఒక పెద్ద చిట్టెలుక చాలు. బాల్ పైథాన్‌కు మాత్రం మొదటి నుంచీ ఎలుక పిల్లలనే అలవాటు చేయమంటాను. ఎదిగాక చిట్టెలుక చాలదు, అప్పుడు తిండి మార్చడం కష్టం. పెద్ద బాల్ పైథాన్‌కు రెండు నుంచి నాలుగు వారాలకోసారి చాలు.

అపోహ: చికెన్ ముక్కలు పెట్టినా చాలు.

వాస్తవం: ఎముక లేని మాంసంలో కాల్షియం సరిపోదు. పాముకు కావాల్సింది ఎముక, కాలేయం, పేగులతో సహా మొత్తం జంతువు.

అపోహ: పాలు, గుడ్లు పామును బతికిస్తాయి.

వాస్తవం: నాగుల పంచమికి పుట్టలో పాలు పోయడం మన భక్తి, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పాలు పాముకు ఆహారం కావు, అవి దానికి అరగవు. దాహంతో మాడ్చిన పాము ఏ ద్రవమైనా తాగుతుంది. గుడ్లు మాత్రమే తినే పాములు ఉన్నాయి, కానీ బాల్ పైథాన్ ఆ కోవలోది కాదు.

అపోహ: తినకపోతే నోరు తెరిచి కుక్కాలి.

వాస్తవం: కుబుసం విడిచే ముందు, చలికాలంలో బాల్ పైథాన్ వారాల తరబడి తినకపోవడం మామూలే. మే నెలలో రామగుండం ఎండలకు గది కాగిపోయినా తినదు. వంటింటి కాటాతో బరువు చూస్తుండండి. పదో వంతు తగ్గితే డాక్టర్‌కు చూపించండి. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు. కక్కితే పది పదిహేను రోజులు ఏమీ పెట్టకుండా నీళ్లు మాత్రం ఉంచి, ముందు పెట్టె వేడి సరిగా ఉందో లేదో చూడండి. తర్వాత సగం సైజు ఎలుకతో మొదలుపెట్టండి. మళ్లీ కక్కితే ఇంకో ఎలుక పెట్టకుండా తీసుకురండి.