కారు లీజు: సంతకం రోజున కట్టే డబ్బు మీద అపోహలు - వాస్తవాలు

లీజు కాగితాలు సిద్ధం చేసి సంతకాలు పెట్టించడం నా పని. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది అడిగేది "నెలకెంత?" అని. "ఇవాళ మొత్తం ఎంత కట్టాలి, అందులో నాకు తిరిగొచ్చేది ఎంత?" అని అడిగేవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్న దగ్గరే నేను తరచూ వినే అపోహలన్నీ ఉన్నాయి.

అపోహ: ముందు ఎంత ఎక్కువ కడితే అంత లాభం.

వాస్తవం: అప్పు మీద కారు కొనేటప్పుడు ఈ మాటలో అర్థం ఉంది. అక్కడ కట్టిన ప్రతి రూపాయీ కారులో మీ వాటా పెంచుతుంది. లీజులో కారు సొంతదారు లీజు కంపెనీ. మీరిచ్చే డౌన్ పేమెంట్ అంటే ముందుగానే కట్టేసిన అద్దె, అంతే.

లెక్క వేసి చూద్దాం. కారు ధర 10,00,000. 36 నెలల తర్వాత దాని విలువ 5,50,000 ఉంటుందని కంపెనీ కాగితం మీద రాసింది. దీన్నే రెసిడ్యువల్ వాల్యూ అంటారు. లీజులో వడ్డీ లెక్కగట్టే అంకె, అంటే మనీ ఫ్యాక్టర్, 0.0025. దాన్ని 2400తో గుణిస్తే ఏడాది వడ్డీ రేటు వస్తుంది, ఇక్కడ 6 శాతం. ముందు ఏమీ కట్టకపోతే తరుగుదల కింద నెలకు 12,500, వడ్డీ కింద 3,875 (ధర, రెసిడ్యువల్ వాల్యూ కూడి మనీ ఫ్యాక్టర్‌తో గుణిస్తే వచ్చేది), వెరసి 16,375. పన్నులు వేరు.

ఇప్పుడు లక్ష ముందే కట్టారనుకోండి. నెల అద్దె 13,347కి దిగుతుంది. చూడ్డానికి భలే బాగుంటుంది. కానీ 36 నెలలకూ కలిపి తగ్గేది 1,09,000. అంటే లక్ష ముందే ఇచ్చేసినందుకు మూడేళ్లలో మీకు మిగిలింది 9,000. వడ్డీ రేటు ఎక్కువగా ఉంటే ఇంకాస్త మిగులుతుంది, తక్కువగా ఉంటే అదీ ఉండదు.

ఆ కాస్త మిగులు కోసం మీరు నెత్తినేసుకునే రిస్కు మాత్రం పెద్దది. రెండో నెలలోనే కారు ప్రమాదంలో పూర్తిగా పాడైందనుకుందాం, లేదా దొంగలు ఎత్తుకుపోయారనుకుందాం. ఇన్సూరెన్స్ డబ్బు కారు ఎవరిదో వాళ్లకే, అంటే లీజు కంపెనీకే వెళ్తుంది. గ్యాప్ కవర్ ఉంటే, కంపెనీకి మీరు ఇంకా బాకీ ఉన్నదానికీ ఇన్సూరెన్స్ ఇచ్చినదానికీ మధ్య తేడా అది పూడుస్తుంది. మీరు ముందు కట్టిన లక్ష మాత్రం సాధారణంగా వెనక్కి రాదు. అందుకే నన్నడిగితే, చేతిలో డబ్బున్నా డౌన్ పేమెంట్ వీలైనంత తక్కువే పెట్టమంటాను. నెలనెలా భారం అనిపిస్తే ఆ లక్ష బ్యాంకులోనే ఉంచుకుని అందులోంచి కట్టుకోవచ్చు.

అపోహ: జీరో డౌన్ అంటే సంతకం పెట్టి తాళం తీసుకెళ్లడమే.

వాస్తవం: ఆ సున్నా డౌన్ పేమెంట్ ఒక్కదానికే. మొదటి నెల అద్దె, రిజిస్ట్రేషన్, పన్నులు, లీజు మొదలుపెట్టినందుకు లీజు కంపెనీ తీసుకునే అక్విజిషన్ ఫీజు, డీలర్ కాగితాల ఖర్చు అప్పటికీ ఉంటాయి. పన్ను కొన్నిచోట్ల నెల అద్దె మీద పడుతుంది, కొన్నిచోట్ల మొదట్లోనే ఒకేసారి లాగేస్తారు. నిజంగానే ఏమీ కట్టక్కర్లేదన్న ఆఫర్లూ ఉన్నాయి. వాటిలో ఈ ఫీజులు మాయం కావు, నెల అద్దెలో కలిసిపోయి వడ్డీతో సహా వస్తాయి. ప్రకటనలో పెద్ద అక్షరాల సంగతి పక్కనపెట్టి, ఒప్పందంలో "సంతకం రోజున చెల్లించాల్సిన మొత్తం" అన్న వరుస, దాని కింద ఉన్న విడివిడి పద్దులు చదవండి.

అపోహ: సెక్యూరిటీ డిపాజిట్ కూడా పోయే డబ్బే.

వాస్తవం: అది మీ డబ్బే. కారు అప్పగించాక డ్యామేజీలు, మితి దాటి తిరిగిన కిలోమీటర్లు, బకాయిలు ఏవైనా ఉంటే పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. కొన్ని కంపెనీలు ఒకటి కంటే ఎక్కువ డిపాజిట్లు తీసుకుని, బదులుగా మనీ ఫ్యాక్టర్ తగ్గిస్తాయి. ముందుగా పెట్టడానికి డబ్బుంటే డౌన్ పేమెంట్ కంటే ఇది మేలైన దారి. పెట్టిన డబ్బు తిరిగొస్తుంది, వడ్డీ తగ్గుతుంది. ఈ సౌకర్యం ఉన్నా చాలాచోట్ల మనం అడిగేదాకా చెప్పరు.

అపోహ: కాగితం మీద అచ్చయిన ఫీజు బేరానికి రాదు.

వాస్తవం: ప్రభుత్వానికి వెళ్లే పన్ను, రిజిస్ట్రేషన్ తగ్గవు. రెసిడ్యువల్ వాల్యూ కూడా కంపెనీ నిర్ణయమే. కారు ధర, డీలర్ తన కమీషన్ కలిపి పెంచిన మనీ ఫ్యాక్టర్, పెయింట్ కోటింగ్, సీట్ ప్రొటెక్షన్ లాంటివన్నీ మాట్లాడుకోవచ్చు. మూడేళ్లకు తిరిగిచ్చేసే కారుకి జీవితకాలపు కోటింగ్ ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: పాత కారు ఇచ్చేస్తే చేతి నుంచి పడేదేమీ ఉండదు.

వాస్తవం: పాత కారు విలువే మీ డౌన్ పేమెంట్ అయింది. పైన చెప్పిన రిస్కంతా దానికీ వర్తిస్తుంది. వీలైతే ఆ విలువకు చెక్కు అడగండి. పాత కారు మీద అప్పు దాని విలువ కంటే ఎక్కువుంటే ఆ తేడా కొత్త లీజులోకి ఎక్కుతుంది, అప్పుడు నెల అద్దె ఎందుకు పెరిగిందో అర్థం కాక తల పట్టుకుంటారు.

అపోహ: నెల అద్దె తక్కువున్న ఆఫరే చవక.

వాస్తవం: సంతకం రోజున కట్టేది, నెల అద్దెలన్నీ, చివర్లో కారు అప్పగించేటప్పుడు తీసుకునే డిస్పొజిషన్ ఫీజు, అన్నీ కూడండి. మొదటి నెల అద్దె రెండుసార్లు కలవకుండా చూసుకోండి. తిరిగొచ్చే డిపాజిట్ తీసేసి, నెలల సంఖ్యతో భాగించండి. రెండు ఆఫర్లకూ ఈ లెక్క వేస్తే, 36 నెలలదీ 48 నెలలదీ కూడా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. డిస్పొజిషన్ ఫీజు ముందు కట్టేది కాకపోయినా మొదటి రోజు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మళ్లీ వాళ్ల దగ్గరే ఇంకో కారు తీసుకుంటే కొన్ని కంపెనీలు దాన్ని వదిలేస్తాయి. అలా వదిలేస్తామని ఎవరైనా నోటిమాటగా చెబితే, సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోండి.