పాప పేరులో రెండో మాట: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "మేడమ్, మా అమ్మాయిని అక్కడ అందరూ నాగ అంటున్నారట, ఏం చెయ్యాలి?" అని అడిగారు. అమ్మాయి అసలు పేరు చెప్పను, నాగ హరిణి అనుకుందాం. నాగ అన్నది నాన్నమ్మ పేరులోంచి తీసుకున్నారు. ఇంట్లో పిలిచేది హరిణి అనే. పాస్‌పోర్ట్‌లో రెండు మాటలుగా రాయించారు. అమెరికా వెళ్లగానే యూనివర్సిటీ వాళ్లు మొదటి మాటను ఫస్ట్ నేమ్ చేశారు, రెండోదాన్ని మిడిల్ నేమ్ చేసి పక్కన పెట్టారు. ఐడీ కార్డు, మెయిల్, హాజరు పట్టీ, అన్నిట్లోనూ నాగ. ఇరవయ్యేళ్లు హరిణిగా పెరిగిన పిల్ల, క్లాసులో ఎవరినో పిలుస్తున్నారనుకుని పలకలేదట.

పద్దెనిమిదేళ్లుగా జనన ధ్రువపత్రాలు, పాస్‌పోర్ట్ దరఖాస్తులు నింపిపెట్టే పనిలో ఉన్నాను. ఈ ఫోన్ నాకు కొత్త కాదు. సాయి, శ్రీ, లక్ష్మి, నాగ, వెంకట... వీటితో మొదలయ్యే పేర్లున్న పిల్లల తల్లిదండ్రులే ఎక్కువగా చేస్తారు.

అపోహ: మిడిల్ నేమ్‌కి పాస్‌పోర్ట్‌లో వేరే గడి ఉంటుంది, అందులో రాస్తే సరి.

వాస్తవం: లేదు. మన పాస్‌పోర్ట్‌లో పేరుకి ఉన్నవి రెండే గడులు: సర్‌నేమ్, గివెన్ నేమ్. ఇంటిపేరు పోను మిగిలినదంతా గివెన్ నేమ్‌లోనే వరసగా పడుతుంది. పాన్ దరఖాస్తులో మాత్రం మూడు గడులుంటాయి. ఒకే పేరును ఒకచోట రెండు ముక్కలుగా, ఇంకోచోట మూడు ముక్కలుగా విడగొట్టాల్సి వస్తుందన్న మాట. విదేశీ ఫారాల్లో చాలాసార్లు గివెన్ నేమ్‌లోని మొదటి మాటే పిల్ల పేరైపోతుంది. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలు చూడండి. ఇంటిపేరు అయ్యాక రెండు బాణపు గుర్తులు ఉంటాయి, గివెన్ నేమ్‌లో మాటకీ మాటకీ మధ్య ఒకటి ఉంటుంది. పేరు రాసేటప్పుడు మీరు వదిలిన ఖాళీయే అక్కడ గుర్తయి కూర్చుంటుంది. ఆ వరసలో పేరుకి దొరికేవి మొత్తం 39 స్థానాలు. పొడుగాటి ఇంటిపేరు, దాని వెనక మూడు పేర్లు పెడితే చివరిది సగంలో తెగుతుంది.

అందుకే ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: పాపను ఏమని పిలుస్తారు? ఆ పేరు ముందు రాయండి. పెద్దల పేరు, దేవుడి పేరు దాని తరవాత రాయండి. దేవుడి పేరు వెనక్కి పోవడమేంటని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడితే వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. కలిపి ఒకే మాటగా రాయండి, నాగహరిణి అని, మధ్యలో ఖాళీ లేకుండా. అప్పుడు ఎవరూ విడదీయలేరు. ఏది చేసినా బర్త్ సర్టిఫికెట్ దగ్గరే తేల్చుకోవాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి ఆధార్, పాస్‌పోర్ట్, ఓటు దాకా పుట్టిన తేదీకి రుజువు ఆ ఒక్క కాగితమే. పేరు కూడా ఇక అక్కణ్ణుంచే నడుస్తుంది.

అపోహ: రెండో పేరు అలంకారమే, ఒక కాగితంలో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఏం కాదు.

ఇది నా ఇంట్లోనే జరిగింది. మా పాపకు మా అత్తగారి పేరు, సుభద్ర, రెండో పేరుగా పెట్టాం. బర్త్ సర్టిఫికెట్‌లో ఉంది. బడిలో చేర్చినప్పుడు గడి చిన్నదని ఆఫీసులో ఉన్నాయన రెండో పేరు వదిలేశారు. నేనప్పుడు ఈ పనికి కొత్త, పట్టించుకోలేదు. టెన్త్ మెమో ఒంటి పేరుతోనే వచ్చింది. పాస్‌పోర్ట్‌కి వెళ్లేసరికి రెండు కాగితాలు రెండు పేర్లు చెప్పాయి. అప్పటికి మెమో పేరుతో ఇంకో నాలుగు కాగితాలు పుట్టేశాయి కాబట్టి, సుభద్రనే వదులుకున్నాం. అత్తగారు అప్పటికి లేరు. మనవరాలి పేరులో తన పేరుందని ఆవిడ ఎంత మురిసిపోయేవారో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక పొంతన. అర్థాలు కలవాలని అందరూ నిఘంటువు తిరగేస్తారు, నోటితో అని చూసేవాళ్లు తక్కువ. మొదటి పేరు చివరి అక్షరంతోనే రెండోది మొదలైతే నాలుక తడబడుతుంది: మౌనిక కల్యాణి, లలిత తన్మయి. అచ్చు వెనక అచ్చు వస్తే సంధి జరిగిపోతుంది, అనన్య అంజలి గబగబా అంటే అనన్యంజలి. రెండక్షరాల పేరుకి నాలుగక్షరాలది తోడైతే నడక బాగుంటుంది: వీణ మధుమతి. ఇంటిపేరుతో సహా పదిసార్లు గట్టిగా అనండి, మీకే తెలిసిపోతుంది. ఉమ పార్వతి లాగా రెండూ ఒకే దేవత పేర్లయితే దోషమా అని అడుగుతారు. కాదు.

21 రోజుల్లో పేరు పెట్టకపోతే సర్టిఫికెట్ రాదనేది ఇంకో పుకారు. ఒక బాలింత కళ్లనీళ్లతో వచ్చింది, ఎవరో భయపెట్టారట. తల్లీ, 21 రోజులు పుట్టుక నమోదుకి, పేరుకి కాదు. పేరు లేకుండానే నమోదు చేస్తారు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే ఆలస్య రుసుము లేదు, ఆ తరవాత రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. కానీ ఒకసారి చేరాక మార్చడం కష్టం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో సవరణ ఉన్నది తప్పు పడిన నమోదుకి, మనసు మారిన పేరుకి కాదు. కాబట్టి తొందరపడి ఏదో ఒకటి రాయించకండి.

రెండో పేరు తండ్రిదే కావాలా? అక్కర్లేదు. నక్షత్రం అక్షరం మొదటి పేరుకే రావాలా? ఆఫీసులో ఎవరూ అడగరు, రెండో పేరుకి పెట్టుకోండి. సంఖ్యాశాస్త్రం లెక్కన ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఇంకో ఏ, ఇంకో హెచ్ చేర్చమన్నవాళ్ల మీద మాత్రం నాకు ఓపిక లేదు. ఆ అక్షరం ఆధార్‌లో పడి మెమోలో పడకపోతే తిరగాల్సింది మీరు. ఆధార్‌లో పేరు మార్పుకి ఉన్న అవకాశాలు రెండే.

హరిణి వాళ్లమ్మకి ఏం చెప్పానంటే, పిలుపు పేరు వేరుగా నమోదు చేసుకునే వీలుందేమో ముందు యూనివర్సిటీలో కనుక్కోమనండి, పాస్‌పోర్ట్ ఇప్పుడు కదపొద్దు, వీసా దానిమీదే ఉంది అని. ఆవిడ కాసేపు ఆగి, పెద్దమ్మాయికి వచ్చే నెల పురుడని, ఆడపిల్లయితే సాయి ఏదో అనుకుంటున్నామని అన్నారు. ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో కాగితం మీద రాసి ఫొటో పంపమన్నాను, ఖాళీ ఎక్కడ వదిలారో చూసి చెబుతానని.