పంజాబ్ పొగ వెనక ఒక తేదీ

ఏటా అక్టోబర్ చివర్లో టీవీల్లో అవే దృశ్యాలు: ఢిల్లీ మీద పొగ, పంజాబ్ పొలాల్లో వరిగడ్డి కాల్చే మంటలు. చర్చంతా రైతు చేతిలోని అగ్గిపుల్ల దగ్గరే ఆగిపోతుంది. రొట్టెలు తినే పంజాబ్‌లో అసలు అంత వరి ఎందుకుందని అడిగేవాళ్లు తక్కువ.

1960-61లో అక్కడ వరి సాగు దాదాపు 2.27 లక్షల హెక్టార్లే. శనగ అంతకు మూడు రెట్లు పైనే ఉండేది. ఇప్పుడు వరి 30 లక్షల హెక్టార్లు దాటింది, శనగ వెతికితే గానీ కనపడదు. జనం నాలుక మారలేదు, కొనేవాడు దొరికాడు, అంతే. 1965లో ధాన్యం కొనే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐ వచ్చింది, మరుసటి ఏడాది మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం దిగింది, వెనకే పొట్టి వరి రకాలొచ్చాయి. మండీకి తెచ్చిన ధాన్యాన్ని సర్కారు మద్దతు ధరకి కొనేస్తుంటే ఏ రైతైనా అదే వేస్తాడు. ఈ గోధుమ-వరి చక్రం నుంచి 20 శాతం భూమినైనా తప్పించండని 1986లోనే ఆర్థికవేత్త జోహల్ కమిటీ చెప్పింది. వేరే పంటకు ఆ భరోసా మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

పేరుకి అయిదు నదుల నేల. వరికి నీళ్లు మాత్రం ఎక్కువగా బోర్ల నుంచే. నీటిమట్టం పడిపోతుంటే రైతులు గొయ్యి తవ్వి మోటారును అందులోకి దించేవాళ్లు. ఇంకా పడితే గొయ్యి ఇంకా లోతు చేసేవాళ్లు. ఆఖరికి అదీ చాలక, నీళ్లలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ మోటారు వేయించాల్సి వచ్చింది. 1997 నుంచి కరెంటు ఉచితం కావడంతో మోటారు ఆపాలన్న ధ్యాసే పోయింది. 2023 భూగర్భజలాల లెక్కల్లో పంజాబ్‌లోని 153 బ్లాకుల్లో (మన మండలాల్లాంటివి) 117 అతిగా తోడేసినవే.

అందుకే 2009లో చట్టం తెచ్చారు: మే 10కి ముందు నారు పోయకూడదు, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదు. మండుటెండలో నీరు ఆవిరైపోకుండా వానల దాకా ఆగమని. ఉద్దేశం మంచిదే. కానీ నాటు ఆలస్యమైతే కోతా ఆలస్యమవుతుంది కదా! వరి కోతకీ గోధుమ విత్తుకీ మధ్య రెండు మూడు వారాలే మిగిలాయి. పైగా అప్పట్లో చాలామంది వేసింది పూసా-44 అనే వరి రకం, దిగుబడి బాగున్నా పంటకాలం ఎక్కువ. హార్వెస్టర్ గింజ తీసుకుని పోతుంది, జానెడు పైనే ఉండే కొయ్యకాళ్లు, చెదిరిన గడ్డి చేలోనే ఉంటాయి. మన దగ్గరైతే గడ్డి వామి వేసుకుంటాం. అక్కడ పశువులకు గోధుమ గడ్డే వేస్తారు, ఈ వరిగడ్డిని పెద్దగా పెట్టరు. ఇక మిగిలింది అగ్గిపుల్లే. ఆ రోజుల్లో చలి మొదలై గాలి కదలదు, పొగ కిందనే నిలిచిపోతుంది.

2024లో పూసా-44ను నిషేధించారు. 2025లో నాట్ల తేదీని ముందుకు తెచ్చి, జూన్ 1 నుంచే మొదలుపెట్టొచ్చన్నారు. కోత తొందరగా అయితే ధాన్యంలో తేమ తగ్గుతుందని ప్రభుత్వం అంది, బోర్లు ఇంకా ఎండుతాయని నీటి నిపుణులు మొత్తుకున్నారు.